తలంబ్రాలు మింగిన క్లిక్కు

"ఇంకా ఫొటోషాప్‌ల పెన్ టూల్‌తోని కటింగ్ చేసుకుంట కూసున్నవా కాకా? ఒక్క క్లిక్ కొడితే మనిషి మొత్తం ఊడొస్తడు" అన్నాడు మొన్న ఓ కుర్ర ఫొటోగ్రాఫర్, సిరిసిల్ల పాత బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ. పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు చాయ్ దిగలేదు.

ఊడొచ్చిన మనిషిని వాడి ల్యాప్‌టాప్‌లోనే చూశాను. పెళ్లి ఆల్బమ్, 12 బై 36 షీటు. పెళ్లికొడుకు దోసిలి ఎత్తి తలంబ్రాలు పోస్తున్నాడు. చేతులైతే ఎత్తాడు గానీ, బియ్యం లేవు. గాల్లో ఉన్న ప్రతి గింజనూ కంప్యూటరు చెత్త అనుకుని బ్యాక్‌గ్రౌండ్‌తో పాటు ఊడ్చేసింది. పక్క ఫొటోలో జీలకర్రబెల్లం పెట్టే చెయ్యి మణికట్టు దాకా ఉంది, ఆపైన గాలి. పూలజడ చివర అరిగిన చీపురులా ఉంది. కొంగు కుచ్చులు పూర్తిగా మాయం. బతుకమ్మ చీరలు 2017 నుంచి కొన్నేళ్లపాటు నేసి రాష్ట్రమంతా పంపిన ఊరిది. పొద్దున లేస్తే సాంచాల మోత వినబడే ఊళ్లో కుచ్చులు లేని కొంగుతో పెళ్లికూతురా! వెనకేమో మంచుకొండలు. మంచుకొండల ముందు తలంబ్రాలేమిటని నన్నడగకండి, ఆ కోపం ఇంకో వ్యాసానికి సరిపోతుంది.

ఫొటోలో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని ఏరుకునే సెలక్షన్ అంటే ఏమిటో సిరిసిల్లవాడికి ఒకరు చెప్పాలా? పడుగులో ఏ పోగు లేవాలి, ఏది కిందనే ఉండాలి అన్న లెక్కే కదా డిజైను. ఫ్రాన్సులో 1804లో జకార్డు ఆ లెక్కను అట్టల మీద చిల్లులుగా పొడిచిపెట్టాడు. చిల్లున్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. లేయర్ మాస్కు కూడా ఆ అట్టలాంటిదే. తెలుపున్నచోట బొమ్మ కనబడుతుంది, నలుపున్నచోట దాగుతుంది. చిల్లు తప్పుపడితే అట్ట మారుస్తారు గానీ నూలు కోసి పారేస్తారా? మన కుర్రాళ్లు ఎరేజర్ పట్టుకుని నూలే కోస్తున్నారు.

నాకు పని నేర్పిన ఉస్తాద్ నెగెటివ్ మీద సన్నని పెన్సిల్‌తో ముఖాలు దిద్దేవాడు. గీత జారకూడదని ఊపిరి బిగబట్టేవాడు. 1990లో ఫొటోషాప్ వచ్చిననాడు అందులోనూ లేయర్లు లేవు. అతికించిన ముక్క మీద సెలక్షన్ వదిలేశామా, అది కింది బొమ్మలో కలిసిపోయేది. 1994లో మూడో వెర్షన్‌తో లేయర్లు వచ్చాయి, తప్పు దిద్దుకునే వీలొచ్చింది. ఇప్పటి క్లిక్ వీరులు ఆ వీలును ఏం చేస్తున్నారు? అన్నీ ఒక్కటిగా ఫ్లాటెన్ చేసి, జేపెగ్ వాట్సాప్‌లో పెట్టి చేతులు దులుపుకుంటున్నారు.

అసలు కోపం యూట్యూబ్ గురువుల మీద. సెలక్షన్ చుట్టూ తెర మీద కదిలే చీమల బారు ఏ ఒక్క లేయర్ సొత్తూ కాదు, ఫైలు మొత్తానిది. కాపీ కొడితే వచ్చేది మాత్రం ప్యానెల్‌లో పట్టుకుని ఉన్న లేయర్ ముక్కే. కళ్లు పెళ్లికూతురి మీద, పట్టుకున్న లేయరేమో పూలదండది. కాపీ కొడితే సెలక్షన్‌లో ఏమీ లేదంటుంది. ఇక వైరస్ అంటారు. ఒకడైతే మౌస్ మార్చాడు! లేయర్ చిన్నబొమ్మ మీద కంట్రోల్ పట్టి క్లిక్ చేస్తే ఆ లేయర్ ఆకారమంతా సెలక్షన్‌గా వస్తుంది. ఇది చెప్పడానికి ఒక నిమిషం చాలు. కానీ గురువుగారికి లైకులు మాయ చేస్తేనే పడతాయి.

టైము మిగులుతుందంటారు. మిగిలింది ఎవరికి? ఆల్బమ్ రేటు తగ్గింది, సీజన్‌లో మా రాత్రి జాగారం తగ్గలేదు.

పోయినేడు ఒక ఇంటివాళ్లు వచ్చారు. తాత పోయాడు, దశదినకర్మకు ఫ్లెక్సీ కావాలి. ఆయన ఒక్కడే దిగిన ఫొటో లేదు. మనుమడి పెళ్లి గ్రూపులో ఉన్నాడు, భుజం మీద మనుమడి చెయ్యి. ముందు ఆ ఒక్క క్లిక్కునే, 2018లో వచ్చిన సెలెక్ట్ సబ్జెక్టునే అడిగి చూశాను. ఇద్దరినీ కలిపి ఒకే మనిషి అంది. తప్పని ఆ పిల్లాడి ముందు అనలేకపోయాను. పెన్ టూల్ పట్టి గంటన్నర కూర్చున్నాను. తాత ఒక లేయరు, చెయ్యి ఒక లేయరు, చెయ్యి కప్పేసిన చొక్కా ముక్కను రెండో భుజం నుంచి తెచ్చి మూడో లేయరు.

మరి ఏం చెయ్యమంటావంటారా? ఆ క్లిక్కు నేనూ కొడతాను, దాచేదేముంది. కొట్టాక మాస్కు పెట్టండి. 200 శాతానికి పెంచి అంచు వెంట నెమ్మదిగా నడవండి. గింజ కనబడితే ఆగండి. మిగతాది చేతికే అలవాటవుతుంది.

తాత ఫైలు నా దగ్గర అట్లాగే ఉంది. ఫ్లెక్సీలో కనబడని చెయ్యి అందులో దాగి ఉంది, లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే వస్తుంది. ఆ మనుమడు ఇది చదివితే పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒకసారి షాపుకు రావాలి.