సుగ్గికి పోయేలోపే సభ పెట్టాలి

ఆదోని యార్డులో పత్తి ధర కట్టేది ఎవరు? అమెరికా తన పత్తి ఆసాములకు సబ్సిడీలు కుమ్మరించి ధర పడగొడుతోందని మాలి, బెనిన్, బుర్కినా ఫాసో, చాద్ దేశాలు 2003లోనే కాన్‌కున్ ప్రపంచ వాణిజ్య సంస్థ సభలో నిలదీశాయి. ఆ సభ బయటే కొరియా రైతు లీ క్యుంగ్ హే ప్రాణం తీసుకున్నాడు. 2025 ఆగస్టులో మన కేంద్రం విదేశీ పత్తిపై 11 శాతం సుంకం ఎత్తేసింది, డిసెంబరు ఆఖరుదాకా. కొత్త పత్తి యార్డుకు దిగే రోజులవే! ధర పడితే ముందు తెగేది తీత కూలీ.

సంఘీభావమంటే పట్నం హాల్లో తీర్మానం చదివి చప్పట్లు కొట్టడమేనా? కోసిగి, మంత్రాలయం కూలీ ఆ హాలు మెట్లెక్కడు. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను పల్లె నడుమకే తెచ్చింది. మాలి రైతు కథా అట్లే రచ్చకట్ట కాడ, పొద్దుగూకినాక చెప్పాలి. దీపావళి దాటితే వినేవాళ్లుండరు. ఇళ్లకు తాళాలేసి సుగ్గికి గుంటూరు దారి పట్టివుంటారు.