గర్భసంచి తీయించే ముందు ఒక్క నిమిషం

గర్భసంచి ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేసుకున్నవాళ్లు ఇది చదివాకే ఆస్పత్రికి బయల్దేరండి. ఆపరేషన్ వద్దని చెప్పడం లేదు. గర్భాశయ ముఖద్వారానికి కేన్సర్ పరీక్ష జరిగిందా లేదా? జరగలేదంటే తేదీ వాయిదా వేయండి. ఆగకుండా రక్తం పోయి ప్రాణం మీదికొచ్చిన కేసుల సంగతి వేరు. మిగతా ఎవరికీ పది రోజులు ఆగితే కొంప మునగదు. పరీక్ష లేకుండా బల్ల ఎక్కితే మాత్రం మునగొచ్చు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు చొప్పున ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నూటికి ఎనిమిది మందికి పైనే. అదే సర్వేలో, 30-49 ఏళ్ల వయసులో ముఖద్వార కేన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు మన రెండు రాష్ట్రాల్లోనూ నూటికి అయిదుగురు లేరు. కేన్సర్ భయం చూపి సంచులు తీస్తున్న చోట, అసలు కేన్సర్ ఉందో లేదో చూసే నాథుడు లేడన్నమాట.

ఈ తంతు ఎలా నడుస్తుందో తెలియనిది కాదు. ముప్పై అయిదేళ్ల మనిషి, ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. తెల్లబట్ట, నడుంనొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలతో తగ్గదు. టౌన్లో నర్సింగ్ హోమ్‌కు దారి చూపించేదీ ఆయనే. స్కానింగ్ తీస్తారు. కాగితంలో ‘బల్కీ యుటెరస్’ అనో ‘నబోతియన్ సిస్ట్’ అనో ఉంటుంది. ‘‘సంచి వాచిందమ్మా, పుండు పడింది. వదిలేస్తే కేన్సర్‌లోకి దింపుతుంది. పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది?’’ ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదికీ వణుకు. మెడలో గొలుసు తాకట్టుకెళ్తుంది.

నిజానికి నబోతియన్ సిస్ట్‌లు పిల్లలు పుట్టిన ఆడవాళ్లలో మామూలుగా కనపడే నీటిబుడగలు. వాటివల్ల హాని లేదు. పుండని భయపెట్టే ఎర్రదనం చాలాసార్లు పుండే కాదు. తెల్లబట్టకు ఇన్ఫెక్షన్ కారణమైతే మందులతో పోతుంది. పైగా పొట్ట మీద తీసే స్కానింగ్‌లో ముఖద్వార కేన్సర్ తొలిదశ కనపడనే కనపడదు. ఆ కాగితం చూసి కేన్సర్ మాటెత్తిన డాక్టర్ని ‘‘మరి ముఖద్వారానికి పాప్ స్మియర్ పరీక్ష చేయలేదేం సార్?’’ అని అడగండి. మొహమాటపడకండి.

జబ్బు లేనివాళ్లకు జరిగే నష్టం సగం కథే. సంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగి ఎముకలు గుల్లబారతాయి. రెండో సగం ఇంకా ఘోరం. కేన్సర్ ఉన్న మనిషికే, ఆ సంగతి తెలియకుండా మామూలు ఆపరేషన్ చేస్తే? కేన్సర్‌కు చేసే ఆపరేషన్ వేరు. సంచి చుట్టూ ఉన్న కణజాలం, యోని పైభాగం, లింఫు గ్రంథులు కూడా తీయాల్సి వస్తుంది. సంచి ఒక్కటే తీస్తే జబ్బు లోపల మిగిలిపోవచ్చు. తర్వాత రేడియేషన్ ఇద్దామన్నా, లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీకి గొట్టం నిలపడానికి సంచే ఉండదు. తీసిన సంచిని ముక్క పరీక్షకు పంపకపోతే, మళ్లీ రక్తం కనపడేదాకా ఈ విషయం తెలియను కూడా తెలియదు.

ఇంతా చేసి ఈ కేన్సర్ తొందరపడేది కాదు. హెచ్‌పీవీ అనే వైరస్ చాలామందికి సోకి దానంతటదే పోతుంది. కొందరిలో తిష్ఠ వేసి, పది పదిహేనేళ్ల తర్వాత కేన్సర్ అవుతుంది. అంత వ్యవధి ఉండీ, 2022లో మన దేశంలో దాదాపు 80,000 మందిని అది పొట్టన పెట్టుకుందని అంచనా.

దాన్ని ముందే పట్టే వీఐఏ అనే పరీక్షకు హంగులేమీ అక్కర్లేదు. నర్సు స్పెక్యులమ్ పెట్టి, పలుచటి ఎసిటిక్ యాసిడ్‌లో ముంచిన దూదిని ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి లైటు వేసి చూస్తుంది. తేడా ఉన్న చోట తెల్లటి మచ్చ తేలుతుంది. కేన్సర్‌గా మారని మచ్చనైతే అక్కడికక్కడే గడ్డకట్టించో, వేడితో మాడ్చో తీసేయొచ్చు. ముంబయి మురికివాడల్లో పదో తరగతి చదివిన మహిళలకు శిక్షణ ఇచ్చి టాటా మెమోరియల్ ఆస్పత్రి ఈ పరీక్ష చేయిస్తే ముఖద్వార కేన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మన పీహెచ్‌సీల్లో చేయలేనంత బ్రహ్మవిద్యేమీ కాదు. ముప్పై దాటినవాళ్లు ఏ బాధా లేకపోయినా అయిదేళ్లకోసారి చేయించుకోవాలి. ముట్లుడిగినవాళ్లకు వీఐఏ అంత నమ్మదగింది కాదు, హెచ్‌పీవీ పరీక్ష గానీ పాప్ స్మియర్ గానీ అడగండి. కలయిక తర్వాత రక్తం, ముట్లుడిగాక మళ్లీ మైల, దుర్వాసనతో తెల్లబట్ట... ఇవుంటే అయిదేళ్ల లెక్క లేదు, ఈ వారమే వెళ్లాలి.

9-14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ఉంది. ఆ మాటెత్తగానే కొందరికి ఖమ్మం గుర్తొస్తుంది. 2009లో అక్కడ తల్లిదండ్రులను అడక్కుండా హాస్టల్ వార్డెన్ల సంతకాలతో పిల్లలకు టీకాలు వేశారు, 2010లో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ తప్పు తప్పే. అయితే టీకా వేయించుకున్న పిల్లల్లో అప్పట్లో కొందరు చనిపోయినా, ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అన్నీ అడిగి, తెలుసుకుని, మీ సంతకంతోనే వేయించండి.

కేన్సర్ అని తేలినా కుంగిపోవద్దు. తొలిదశలో ఆపరేషన్, ముదిరితే కీమోతో కలిపి రేడియేషన్. రేడియేషన్ అంతా ఎనిమిది వారాల్లో పూర్తి కావాలి. కోతలొచ్చాయనో, ఇంట్లో పెళ్లి ఉందనో మధ్యలో ఊరికి వచ్చేస్తే అప్పటిదాకా పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స ఉంది. ఆస్పత్రి దగ్గర బస, తోడు ఉండే మనిషి, ఈ రెండూ మగవాళ్లు ముందే చూసిపెట్టాలి.

రెండు ప్రభుత్వాలూ వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. ప్రైవేటులోనైనా, సర్కారు దవాఖానాలోనైనా గర్భసంచి తీసే ముందు ముఖద్వార పరీక్ష ఫలితం, తీసిన తర్వాత ముక్క పరీక్ష రిపోర్టు కేసు షీటులో ఉండి తీరాలని ఉత్తర్వు ఇవ్వండి. అవి లేని ఆస్పత్రికి నోటీసు పంపండి.