బట్టమేకకు మన తీగ కనబడదు

జైసల్మేర్ అంటే సమ్ దగ్గర ఇసుక దిబ్బలెక్కడం, ఒంటె మీద ఫోటో దిగడం, రాత్రి టెంట్ల దగ్గర పాటలు. డిసెంబరులో మా బ్యాచ్ కూడా అందుకే వెళ్లింది. ముగ్గురం మాత్రం ఒక రోజు తప్పించుకుని జీపు మాట్లాడుకున్నాం. నా కారణం వేరే. మాది నందికొట్కూరు వైపు. మా ఊరికి దగ్గర్లో రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. మా తాత చిన్నప్పుడు చేలల్లో దాన్ని చూశాడట. నేను బోర్డు మీద బొమ్మ తప్ప చూడలేదు.

ముందు బాడ్‌మేర్ రోడ్డులో 17 కిలోమీటర్లు వెళ్లి ఆకల్ చూశాం. మొదట నిరుత్సాహమే. రాళ్ల నేల మీద ఇనుప చట్రాలు, పైన రేకులు. లోపలికి వంగి చూస్తే చెట్టు మాను! బెరడు గీతలు కూడా తెలుస్తున్నాయి, ముట్టుకుంటే రాయి. 18 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ వేడీ తేమా ఉన్న అడవి ఉండేది. కూలిన మానుల్లోకి నీళ్లతోపాటు సిలికా చేరి, చెక్క ఉన్నచోట రాయి కూర్చుంది. పెద్ద మాను 13 మీటర్ల దాకా ఉంది. ఎడారి అంటే ఎప్పుడూ ఏమీ లేని చోటు అనుకునే నా తెలివికి అక్కడే ఒక దెబ్బ పడింది.

తర్వాత డెజర్ట్ నేషనల్ పార్క్. 3,162 చదరపు కిలోమీటర్లు. ఇసుక దిబ్బలు అందులో కొంతే, మిగతాదంతా గడ్డి, రాతినేల, అక్కడక్కడ ఖేజ్రీ చెట్లు. చింకారాలు కనిపించాయి, ఒక నక్క కనిపించింది. మూడు గంటలు తిరిగాక గైడు జీపు ఆపి బైనాక్యులర్ చేతికిచ్చాడు. చాలా దూరంలో, గడ్డిలో, తల మీద నల్లటి టోపీ పెట్టుకున్నట్టున్న పక్షి తీరిగ్గా నడుస్తోంది. వాళ్ల భాషలో గోడావణ్. మా బట్టమేకే. దేశం మొత్తంలో 150 కూడా మిగల్లేదంటారు.

తిరుగు దారిలో, పార్కు దాటి వచ్చాక, వరసగా టవర్లు. సోలార్, గాలిమరల కరెంటు మోసే లైన్లు. ఇక్కడే నాకు ఇబ్బంది మొదలైంది, ఎందుకంటే నేను చదివేది ట్రిపులీ. రేపు నాకు ఉద్యోగం వస్తే బహుశా ఆ తీగల్లోనే వస్తుంది.

ఈ పక్షి కళ్లు తలకి పక్కల ఉంటాయి, ఎదురుగా సరిగ్గా ఆనదు. 15 కిలోల దాకా బరువు, చివరి క్షణంలో పక్కకు తిరగలేదు. ఏడాదికి పెట్టేది సాధారణంగా ఒక్క గుడ్డు. లెక్క మీరే వేసుకోండి.

2021లో సుప్రీంకోర్టు దాదాపు 99,000 చదరపు కిలోమీటర్ల పరిధిలో తీగల మీద ఆంక్షలు పెట్టి, వీలైనచోట భూమిలో వేయమంది. 2024లో దాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. "హై ఓల్టేజీ కేబుల్ భూమిలో వేయలేం" అన్న వాదన అబద్ధం కాదు. ఏసీ కేబుల్ పొడవు పెరిగేకొద్దీ ఛార్జింగ్ కరెంటే సామర్థ్యాన్ని తినేస్తుంది, మనం పరీక్షలో రాసిందే. ఖర్చూ ఎన్నో రెట్లు. కానీ 11 కేవీ, 33 కేవీ లైన్లకు ఈ సాకు వర్తించదు. ఊళ్లల్లో, కాలనీల్లో వేస్తూనే ఉన్నాంగా! పెద్ద లైన్ల సంగతికొస్తే, రూటు సర్వే మొదలుపెట్టే రోజే పక్షి తిరిగే మ్యాపు టేబుల్ మీద ఉండాలి. టవర్లు లేచాక తీగలకు రిఫ్లెక్టర్లు తగిలించడం పనికొస్తుంది గానీ, అది అతుకే.

సోలార్ వద్దనడం లేదు. బొగ్గు కంటే అది వెయ్యి రెట్లు నయం అని నేనే వాదిస్తా. యూనిట్ రేటు తగ్గిందని చెప్పేటప్పుడు ఆ తీగ కింద పడినదాన్ని లెక్కలోంచి కొట్టేయొద్దంటున్నా, అంతే. మన సిలబస్‌లో తీగ సాగ్ లెక్కకు గాలి ఉంది, మంచు బరువు కూడా ఉంది. పక్షి లేదు.

రాత్రి తాతకు ఫోన్ చేశా.

"చూసినావా?"

"చూసినా తాతా. ఒకటే. చానా దూరంలో."

"ఒకటేనా?" అన్నాడు. కాసేపాగి, "మన చేలల్లో గుంపుగా దిగేటివి రా" అన్నాడు.