ఆఫీసు చెత్తబుట్ట

ఇంట్లో మనమంతా మహా పొదుపరులం. దుకాణంలో ఇచ్చిన సంచీని మడిచి సింకు కింద దాస్తాం. కాఫీపొడి సీసా ఖాళీ అయితే కడిగి అందులో ఆవాలు పోస్తాం. అదే మనం పొద్దున రైలు దిగి ఆఫీసులో అడుగు పెడితే చాలు, జమీందారులమైపోతాం. మీటింగుకు పదిమందికి పది ప్రతులు, అందులో ఒక తప్పు దొరికితే ఇంకో పది. కాగితం సర్కారుది గదా!

వుడ్‌ల్యాండ్స్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయానికి (పేరెందుకు లెండి) పనిమీద తరచు వెళ్తుంటాం. అక్కడ కాగితానికొకటి, ప్లాస్టిక్కుకొకటి, డబ్బాలకొకటి చొప్పున ముచ్చటగా మూడు బుట్టలుంటాయి. ఒక సాయంత్రం, శుభ్రం చేసే ఆంటీ ఆ మూడింటినీ ఒకే నల్లసంచీలో కుమ్మరించడం కళ్లారా చూశాం. మాకు ఒళ్లు మండి, ఇదేమిటని అడిగేశాం. ఆవిడ మాట్లాడకుండా సంచీ మూతి తెరిచి చూపించింది. కాగితాల మీద సగం తాగి పడేసిన కోపీ, చికెన్‌రైస్ డబ్బా, దాని చట్నీ. "ఇది ఎవరు తీసుకుంటారు? నాకు ఇంకా నాలుగు అంతస్తులున్నాయి" అంది. మాకు నోట మాట రాలేదు.

తడిసిన కాగితం, నూనె అంటిన కాగితం మళ్లీ కాగితం కాదు. ఇళ్ల దగ్గరి నీలం డబ్బాల్లో పడేదాంట్లో సుమారు నూటికి నలభై వంతులు ఇలా పనికిరాకుండా పోతున్నాయని ఇక్కడి పర్యావరణ శాఖవారే చెబుతున్నారు. 2023లో ఇళ్లనుంచి రీసైకిలయింది నూటికి పన్నెండే. మిగతాది సెనొకో వంటి చోట్ల కాలి, బూడిదై, పడవెక్కి సెమకావ్ దీవికి చేరుతుంది. 1999లో తెరిచిన ఆ దీవి 2035కల్లా నిండిపోతుందని అంచనా. అప్పటికి మన పిల్లలు ఉద్యోగాల్లో ఉంటారు.

సర్కారు ఊరుకోలేదు. 2021లో గ్రీన్‌గవ్ అనే పథకం పెట్టి, తన కార్యాలయాల చెత్తను 2030 నాటికి, 2022తో పోలిస్తే, నూటికి ముప్ఫై వంతులు తగ్గిస్తానంది. మంచిదే. కాని బుట్టలు పెంచితే చెత్త తగ్గదు.

మేము డాక్టర్లం గనుక ఒక సంగతి చెప్పగలం. వాడిన సూదిని ఎవరు వాడారో వాళ్లే, అక్కడికక్కడే, సూదుల డబ్బాలో వేస్తారు. తర్వాత ఆంటీ వచ్చి ఏరుకుంటుందిలే అని ఎవరూ వదలరు. కాఫీ కప్పుకు ఆ మర్యాద ఎందుకు లేదు? ప్రతి బల్ల కిందా ఉన్న బుట్ట తీసేసి, నాలుగడుగులు నడిస్తే గాని పారెయ్యలేని చోట, పాంట్రీ సింకు పక్కన, బుట్టలు పెట్టాలి. మిగిలింది పారబోసి, కప్పు కడిగి, అప్పుడు వెయ్యాలి. ప్రింటరు అడక్కుండానే రెండువైపులా కొట్టేలా అమర్చాలి. ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం పిల్లల లెక్కలకు ఎంత పనికొస్తుందో మీకు చెప్పాలా! (రహస్య కాగితాలు మాత్రం ఇంటికి తేకండి.) పాత పేపర్లు కొనే కరుంగ్‌గూని ఆయన ఇంకా బ్లాకుల్లో బూరా ఊదుతూ తిరుగుతూనే ఉన్నాడు. ఆ 'గూని' మన గోనెకు చుట్టమే. ఆయనకు శుభ్రమైన కాగితమైతేనే గిట్టుబాటు.

ఇక మన సంగతి. పండక్కి మనం అద్దెకు తీసుకునే కమ్యూనిటీ క్లబ్బు హాలు కూడా సర్కారు కట్టడమే. కిందటి ఉగాదికి మనం వదిలి వచ్చిన సంచులు లెక్కపెట్టాం. పదకొండు. విస్తరాకులైతే బాధ లేకపోను. అన్నీ ప్లాస్టిక్ పళ్లాలు, వాటిలో పులిహోర. వాటిని మోసుకెళ్లింది కూడా ఎవరో ఒక ఆంటీయే.

వచ్చే ఉగాదికి ఎవరి కంచం, గ్లాసు వారే తెచ్చుకోవాలని కమిటీకి రాశాం. మరిచిపోయి వచ్చేవారి కోసం యాభై స్టీలు కంచాలు పోగయ్యాయి. కడగడానికి ఇద్దరు డాక్టర్లు పేర్లిచ్చారు. ఇంకా ఆరుగురు కావాలి. ఇంజనీర్లూ అర్హులే.