బండి నడిపింది కొడుకు, కేసు అబ్బా మీద

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ తర్వాత చర్చంతా బస్సు పర్మిట్, బస్సు తలుపు, అందులోని సామాను చుట్టే తిరిగింది. మొదలు మాత్రం ఒక బైకు. అది జారిపడి నడిపిన యువకుడు చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బండే బస్సు కింద ఇరుక్కుంది. ఆ యువకుడు తాగి ఉన్నాడని పోలీసులు చెప్పారు. ఒక బైకు చేసిన తప్పు ఒక ఇంటితో ఆగలేదు.

ఆ బస్సు వచ్చిన 44వ జాతీయ రహదారే కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా పోతుంది. వనపర్తి, గద్వాల జిల్లాల జనం దాన్ని ఊరి రోడ్డులాగే వాడుకుంటారు. యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో రావడం మామూలైపోయింది. నాగర్‌కర్నూల్ వైపు కల్వకుర్తి, శ్రీశైలం రోడ్డు ఉంది, కొల్లాపూర్ రోడ్డు ఉంది. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు, చుట్టూ రాళ్లు. వెనక లైటు లేని ట్రాక్టర్లు వేరే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రాయి కనబడి బ్రేకు మీద చెయ్యి పడేలోపే ఆ దూరం అయిపోతుంది.

ఇలాంటి రోడ్ల మీదికి పదిహేను, పదహారేళ్ల పోరగాళ్లు బండి తీసుకుని వస్తున్నారు. పాలకు, ట్యూషన్‌కు, రంజాన్‌లో తరావీహ్‌కు, చెల్లెను స్కూల్లో దింపడానికి. అబ్బా దుబాయ్‌లోనో హైదరాబాద్‌లోనో పనిలో ఉంటే ఇంటి పనులన్నీ ఆ పిల్లాడి మీదే. అందుకే తాళంచెవి ఇవ్వడం ఇంట్లో ఎవరికీ తప్పుగా అనిపించదు. అవసరం నిజమే, కాదనలేం. కానీ చట్టం అవసరాన్ని చూడదు.

2019లో మోటారు వాహనాల చట్టానికి 199ఎ సెక్షన్ చేర్చారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడు లేదా బండి యజమాని దోషి. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లర్నింగ్ లైసెన్సు కూడా రాదు. డ్రైవర్ ఉద్యోగం చేసుకుందామనుకునే పేదింటి అబ్బాయికి ఇది జైలు కంటే పెద్ద శిక్ష. "నాకు తెలియకుండా తీసుకుపోయాడు" అంటే సరిపోతుందా? పెద్దల ఒప్పుదలతోనే తీసుకున్నాడని కోర్టు ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది పెద్దలే.

"స్కూటీకి గేర్లు లేవు, పర్వాలేదు" అనే మాట ప్రతి మొహల్లాలో వినబడుతుంది. పదహారేళ్లకు చట్టం ఒప్పుకునేది 50 సీసీ దాటని బండిని, అదీ లైసెన్సు తీసుకున్నాకే. రోడ్ల మీద కనిపించే స్కూటీలు చాలావరకు 110, 125 సీసీవి. ఎలక్ట్రిక్ బండ్లలోనూ గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు చిన్నవాటికే లైసెన్సు అక్కర్లేదు.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకా కటువు. 2011లో జవహర్ సింగ్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. యజమాని ఇంటికి వచ్చిన బంధువుల మైనర్ అబ్బాయి తాళాలు తీసుకుపోయి యాక్సిడెంట్ చేశాడు. కంపెనీ ముందు పరిహారం కట్టింది, ఆ డబ్బు యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చని కోర్టు తేల్చింది. అంటే మామూ పేరున ఉన్న బండిని అల్లుడు నడిపితే మామూ పొలం, ఇల్లు ప్రమాదంలో పడ్డట్టే. ఇక పాలసీలోని 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానే నడిపి, ఆయనకు చెల్లే లైసెన్సు ఉంటేనే వస్తుంది.

అలాగని నేరమంతా అమ్మానాన్నల మీద తోసేస్తే ప్రభుత్వానికి సుఖమే. పిల్లాడికి పద్దెనిమిది నిండాయి, మరి బైకు ఎక్కడ నేర్చుకోవాలి? చిన్న పట్టణాల డ్రైవింగ్ స్కూళ్లు కారు నేర్పిస్తాయి, బైకు నేర్పేది అన్నో దోస్తో, ఈద్గా మైదానంలోనో కాలేజీ గ్రౌండ్‌లోనో. నేర్పే వాడికే ముందు బ్రేకు వేయడం రాదు, "పల్టీ కొడతావ్" అని భయపెడతాడు. నిజానికి బండిని ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంటుంది. రెండూ కలిపి వేయాలి.

లైసెన్సు పరీక్ష అంటే జనానికి తెలిసింది కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిరగడం. కేంద్ర నిబంధనల్లో మాత్రం సిగ్నల్ ఇవ్వడం, అద్దం చూసుకోవడం, ఓవర్‌టేక్ చేయడం అన్నీ పరీక్షించాలని రాసి ఉంది. 2016లో మూడు జిల్లాలు వేరుపడ్డాయి, గద్వాలకు 33, వనపర్తికి 32, నాగర్‌కర్నూల్‌కు 31 నంబరు వచ్చాయి. నంబరు ప్లేటు జిల్లాకు వచ్చినట్టు శిక్షణ రాలేదు.

హెల్మెట్ మాటకొస్తే, కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. హెల్మెట్ లేక పోయిన 50,029 మందిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ పెట్టుకోవాలి. తలపాగా కట్టిన సిక్కులకు మినహాయింపు ఉంది, టోపీకి లేదు, బుర్ఖాకు లేదు. బుర్ఖా, చున్నీ చక్రంలో చిక్కకుండా ఉండే గార్డును స్టైల్ కోసం పీకేయడం కూడా నిబంధనకు విరుద్ధమే.

కొత్త బండి అమ్మేటప్పుడు ఐఎస్ఐ హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 138 చెబుతోంది. షోరూంలో సీటు కవరు, స్టిక్కర్ల దగ్గర బేరమాడే వాళ్లు దాన్ని పేరు పెట్టి అడగొచ్చు.