రంగు నీళ్ళకి విస్కీ అని పేరు పెడితే

మన దేశంలో విస్కీ అన్న మాటకి అర్థం లేదు. ఇది తాగి అంటున్న మాట కాదు, చదివి అంటున్న మాట. బంగినపల్లి అని రాసిన పెట్టెలో తోతాపురి పెట్టి అమ్మితే బజార్లో కొట్లాట అవుతుంది. విస్కీ అని రాసిన సీసాలో చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌కి రంగేసి అమ్మితే మాత్రం కిక్కురుమనకుండా కొనుక్కుంటాం. పైగా మా బ్రాండు గొప్పంటే మా బ్రాండు గొప్పని ఆఫీసు పార్టీల్లో వాదించుకుంటాం కూడా.

ముందే రెండు ముక్కలు చెప్పేస్తా. ఒకటి, ఇది తాగమని చెప్పే టపా కాదు. అలవాటు లేనివాళ్ళు హాయిగా ఉన్నారు, అలాగే ఉండండి. రెండు, ఇది ఏ పార్టీని తిట్టే టపా కూడా కాదు. ఈ విషయంలో అందరూ ఒక తానులో ముక్కలే, అది కిందకొచ్చాక మీకే తెలుస్తుంది.

అసలు ఈ గొడవ నా బుర్రలోకి ఎక్కింది మామిడికాయల సీజన్లో, మా ఉంగుటూరులో. ఉంగుటూరంటే భీమడోలు పక్కనున్నది కాదండోయ్, గన్నవరం పక్కన, తేలప్రోలు ఉన్న మండలం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకి పోయింది, మేం కృష్ణాలో మిగిలాం. మామిడి చెట్లకి ఆ సంగతి ఇంకా తెలీదు :)

డాలస్ నుంచి వచ్చిన మా బావ ఓ సీసా తెచ్చాడు. డ్యూటీ ఫ్రీ రెండు లీటర్ల లెక్కలోనే లెండి. కెంటకీ రై విస్కీ. మామూలుగా మాగాక దాన్ని తీసి, లోపల సెగ చూపించిన రెండో ఓక్ పీపాలో మళ్ళీ కొన్నాళ్ళు పెడతారట. రై అంటే హిందీవాళ్ళ ఆవాలు కాదు, గోధుమకి చుట్టం లాంటి చలిదేశపు ధాన్యం. లూయివిల్‌లో మిక్టర్స్ అనే కంపెనీ ఈ పద్ధతిలో 2014లో బర్బన్, 2017లో రై తెచ్చింది. ఇప్పుడు చాలామంది చేస్తున్నారు.

మా బావ ఫోను తీసి రుచులు చదవడం మొదలెట్టాడు. కాల్చిన మార్ష్‌మాలో అట, గ్రాహం క్రాకర్ అట. ఆ అరుగు మీద కూర్చున్నవాళ్ళలో ఆ రెండూ తిన్నవాడు మా బావ ఒక్కడే. మా బాబాయి ముప్పై ఏళ్ళుగా తోటలు గుత్తకి తీసుకుంటున్న మనిషి. గుక్కెడు నోట్లో వేసుకుని, కాసేపు ఆగి, "పాకం పట్టేటప్పుడు గిన్నె అడుగున మాడే బెల్లం వాసనొస్తోందిరా. చివర్లో మిరియం ఘాటు, కొంచెం వగరు. చెక్క వగరు అది" అన్నాడు. అంతే. ఫోన్లో అరపేజీ రాసినదాని సారం అదే. మాడిన బెల్లం సెగ చూపించిన పీపాది, మిరియం ఘాటు రైది, వగరు ఓక్ చెక్కది.

ఆయనకి ఈ నాలుక ఎక్కడిది? మామిడికాయల దగ్గరది. ముచ్చిక దగ్గర వాసన చూసి ఇది గడ్డిలో మాగిందా, కార్బైడ్ వేసి రంగు తెప్పించిందా అని చెప్పేస్తాడు. కార్బైడ్ కాయ పైకి పసుపు పచ్చగా నిగనిగలాడుతుంది, లోపల పులుపు చావదు, వాసన ఉండదు. మాగడం వేరు, రంగు తేలడం వేరు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే విస్కీ గురించి నేను చెప్పబోయేదంతా అర్థమైపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ సీసా మీద స్ట్రెయిట్ రై అని రాయాలంటే అమెరికాలో రూలు ఏంటో చూడండి. ధాన్యంలో కనీసం 51 శాతం రై ఉండాలి. బట్టీలోంచి దిగేటప్పుడు 80 శాతం ఆల్కహాల్ దాటకూడదు, దాటితే ధాన్యం రుచి పోతుంది కాబట్టి. పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం మించకూడదు. పీపా కొత్తదై ఉండాలి, లోపల మంట పెట్టి బొగ్గు చేసినదై ఉండాలి. కనీసం రెండేళ్ళు మాగాలి. నాలుగేళ్ళ లోపుదైతే వయసు సీసా మీద వెయ్యాలి. రంగు కలపకూడదు. ఆ రెండో పీపా వీటన్నిటి మీదా అదనం. మంట పెట్టినప్పుడు చెక్క పైపొర బొగ్గవుతుంది, అది చెడు వాసనల్ని పీల్చేస్తుంది. నెమ్మదిగా సెగ చూపిస్తే చెక్కలోని పదార్థాలు విరిగి పాకంలాంటి చక్కెరలు, వనిల్లా వాసన ఇచ్చే వనిల్లిన్ బయటికొస్తాయి. బాబాయికి తగిలిన మాడు బెల్లం అదే. దాని వెనకాల చెక్కా, నిప్పూ, కాలమూ తప్ప ఇంకేం లేదు.

మన సంగతికొద్దాం. ఆహార భద్రతా సంస్థ వాళ్ళు 2018లో మద్యానికి ప్రమాణాలు రాశారు, 2019 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. అందులో విస్కీ అంటే ధాన్యం స్పిరిట్ అయినా కావచ్చు, వ్యవసాయ ఉత్పత్తుల నుంచి తీసిన న్యూట్రల్ స్పిరిట్ అయినా కావచ్చు. చెరకు మడ్డి వ్యవసాయ ఉత్పత్తే కదా! సింగిల్ మాల్ట్ లాంటివాటికి వేరే నిర్వచనాలున్నాయి, కాదనను. కానీ ఉత్త 'విస్కీ' అన్న మాటకి ఆ గేటు బార్లా తెరిచే ఉంది. 96 శాతం దాకా వడగట్టిన ఆ స్పిరిట్‌కి రుచీ వాసనా ఏమీ మిగలవు. నీళ్ళు కలిపి 42.8 శాతానికి దించి, కారమెల్ రంగు వేసి, ఫ్లేవర్ కలిపితే విస్కీ. అదే స్పిరిట్‌కి ఇంకో రంగూ ఇంకో ఫ్లేవరూ వేస్తే బ్రాందీ తయారు. మన భాషలో చెప్పాలంటే బ్యాకెండ్ ఒకటే, మారేది స్కిన్ మాత్రమే.

ధాన్యం స్పిరిట్ వాడేవాళ్ళు, మాల్ట్ కలిపేవాళ్ళు, స్కాచ్ తెప్పించి కలిపేవాళ్ళు మనదగ్గరా ఉన్నారు. నా గొడవ వాళ్ళు లేరని కాదు. ఎవరు ఎంత కలిపారో కొనేవాడికి తెలిసే దారి లేదని. నేను తిరగేసిన చవక సీసాల మీద ఆల్కహాల్ శాతం ఉంది, హెచ్చరిక ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో రంగూ ఫ్లేవరూ కలిపామని ఉంది. స్పిరిట్ దేన్నుంచి వచ్చింది? పీపా మొహం చూసిందా? చూస్తే ఎన్నాళ్ళు? మాల్ట్ ఎంత శాతం? వీటిల్లో ఒక్కదానికీ జవాబు లేదు. యూరప్‌లో విస్కీ అని రాయాలంటే ధాన్యంతోనే చెయ్యాలి, 700 లీటర్లకి మించని చెక్క పీపాలో మూడేళ్ళు మాగాలి. అంటే మన మడ్డి సరుకు అక్కడి కొట్లో విస్కీ పేరుతో పెట్టడానికి కుదరదు. మన కొట్లో మాత్రం దర్జాగా కూర్చుంటుంది.

"అమెరికా వాళ్ళు పుట్టుకతోనే నిజాయితీపరులా?" అని మీరడగొచ్చు. అస్సలు కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వాళ్ళ బజారు సరిగ్గా మన బజారులాగే ఉండేది. స్పిరిట్‌కి రంగూ రుచీ కలిపి పాత విస్కీ అని అమ్మేవాళ్ళు. అందుకే 1897లో బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టం తెచ్చారు. ఒకే డిస్టిలరీ, ఒకే సీజను సరుకు, సర్కారు తాళం వేసిన గిడ్డంగిలో కనీసం నాలుగేళ్ళు, 50 శాతం ఆల్కహాల్. 1906లో ఆహార కల్తీ చట్టం వచ్చాక అసలు విస్కీ అంటే ఏంటని మళ్ళీ తగువు. అది చివరికి అధ్యక్షుడు టాఫ్ట్ బల్ల మీదకెళ్ళింది. 1909 డిసెంబరులో ఆయన తీర్పు చెప్పాడు. ధాన్యంతో చేసిందే విస్కీ, మడ్డితో చేసింది కాదు, ఏ రకమో లేబుల్ మీద విడివిడిగా రాయండి అని. ఒక దేశాధ్యక్షుడు కూర్చుని లేబుల్ మీద ఏం రాయాలో తేల్చాడు. నూటపదేళ్ళు దాటిపోయింది, మనం ఇంకా ఆ ప్రశ్న కూడా అడగలేదు.

మనం ఏం అడిగాం మరి? తెరవాలా, మూయాలా అని అడిగాం. అంతకుమించి అడగలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలెట్టిన ఉద్యమంతో 1993 అక్టోబరులో సారా పోయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో చంద్రబాబు ఎత్తేశారు. 2019 అక్టోబరులో జగన్ సర్కారు కొట్లని తన చేతిలోకి తీసుకుంది, ఎవరూ వినని పేర్ల సీసాలు అరల్లోకొచ్చాయి. 2020 మేలో ధరలు 75 శాతం పెంచారు. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటుకిచ్చారు, 3,396 కొట్లు లాటరీలో, 99 రూపాయలకే క్వార్టరు. ఎవరు అమ్మాలి, ఎంతకి అమ్మాలి, ఏ బ్రాండు పెట్టాలి అని ముప్పై ఏళ్ళు కొట్టుకున్నాం. లోపల ఏం పోశారో సీసా మీద రాయమని ఏ సర్కారూ గట్టిగా పట్టుబట్టలేదు, ఏ ప్రతిపక్షమూ దానికోసం ధర్నా చెయ్యలేదు.

2025 అక్టోబరులో ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడింది. ఆ తర్వాత సీసా మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసుకోమని ఎక్సైజ్ శాఖ యాప్ ఇచ్చింది. మంచిదే, మెచ్చుకుంటా. కానీ మనలాంటి వాళ్ళకి తేడా చెప్పక్కర్లేదనుకుంటా. ఆ స్కాన్ సీసా అసలు కంపెనీదో కాదో చెప్తుంది. లోపలి సరుకు ఏంటో, ఎన్నాళ్ళు మాగిందో చెప్పదు. సంతకం సరిపోయిందంటే ఫైల్లో మంచి కోడ్ ఉన్నట్టు కాదు కదా!

ఇక ఎదురుగా వినిపించే వాదనలు.

మొదటిది: "తాగేవాడికి కావల్సింది కిక్కు, వాడికి పీపా గోల ఎందుకు?" ఇది తాగేవాడికి నాలుక లేదనుకునేవాళ్ళ మాట. తాటిచెట్ల కింద కూర్చున్నవాళ్ళని అడగండి. పొద్దున దించిన కల్లుకీ మధ్యాహ్నం కల్లుకీ, పోతుతాడి కల్లుకీ పండుతాడి కల్లుకీ, తాటి కల్లుకీ ఈత కల్లుకీ తేడా ఒక్క గుక్కలో చెప్తారు. ఆ నాలుకని మనమే చవక ఫ్లేవర్లతో మొద్దుబార్చి, తర్వాత వాడికేం తెలుసు అంటున్నాం.

రెండోది: "పేదవాడికి చవగ్గా దొరకాలి, పీపాలూ ఏళ్ళూ అంటే ఖరీదవుతుంది." చవక సరుకు అమ్మొద్దని నేననలేదు. పేరు మార్చి అమ్మొద్దంటున్నా. మడ్డి స్పిరిట్‌ని మడ్డి స్పిరిట్ అనే రాసి 99కే అమ్మండి. సిరా ఖర్చు తప్ప పెరిగేదేముంది? మాకు తోటల్లో కాయ కోసే కూలీలు తాగేది ఆ క్వార్టరే. మా బావ సీసా వెనకాల ఒక దేశం చట్టం కాపలా కాస్తోంది. ఆ కూలీ సీసా వెనకాల హెచ్చరిక తప్ప ఏమీ లేదు. ఎవరికి ఎక్కువ కాపలా కావాలో మీరే చెప్పండి.

మూడోది: "మన ఎండలకి పీపాలో పెడితే ఆవిరైపోతుంది." అవును, కెంటకీలో ఏడాదికి నాలుగైదు శాతం పోతే బెంగళూరులో పది శాతం పైనే పోతుంది. కానీ ఆ ఎండకే చెక్కలోంచి రుచి తొందరగా దిగుతుంది. బెంగళూరు అమృత్ వాళ్ళు 2004లో తమ సింగిల్ మాల్ట్‌ని తీసుకెళ్ళి స్కాట్లాండ్‌లోనే, గ్లాస్గోలో విడుదల చేశారు. ఎండ అడ్డం రాలేదు. అడ్డొచ్చేది ఓపిక లేకపోవడం, అడిగేవాడు లేకపోవడం.

నాలుగోది, నేను గౌరవంతో వినే వాదన: "దూబగుంట ఆడవాళ్ళు పోరాడిన గడ్డ మీద మందు నాణ్యత గురించి మాట్లాడటానికి సిగ్గు లేదా?" వాళ్ళ పోరాటం ఇల్లు గుల్ల చేసే సారా మీద. ఆ ఇంట్లోకి వచ్చే సీసాలో ఏముందో ఇంటివాళ్ళకి తెలియకుండా ఉంచడం వాళ్ళకి చేసే మర్యాద కాదు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు పోయారు. కల్లులో ఏం కలిసిందో ఆస్పత్రిలో చేరాకే తెలిసింది.

కాబట్టి నేనడిగేవి నాలుగే. స్పిరిట్ ధాన్యానిదా, మడ్డిదా పెద్దక్షరాల్లో రాయాలి. పీపాలో ఎన్నాళ్ళుందో రాయాలి, ఉండకపోతే లేదని రాయాలి. మాల్ట్ కలిపితే ఎంత శాతమో రాయాలి. ఇవన్నీ తెలుగులో కూడా ఉండాలి. మామిడి విషయంలో ఈ పని చేశాం కదా! కార్బైడ్ నిషేధమని చట్టం చెప్తోంది, ఎథిలీన్ వాయువుతో మాగబెట్టుకోవచ్చని, 100 పీపీఎం మించొద్దని 2016లో లెక్క చెప్పారు. అమలు ఎంతన్నది వేరే సంగతి, కనీసం గీత గీశారు. సీసాకి ఆ గీత కూడా లేదు.

ఇక మనవాళ్ళకి ఒక మాట. పదివేలు పెట్టి కొన్న సీసా గురించి గంటసేపు మాట్లాడే మనం, ఊరి కొట్లో సీసా వెనక్కి తిప్పి చదివిన పాపాన పోలేదు. ఎవడో రాసిన లైబ్రరీ వాడితే లైసెన్సు ఫైలు చదువుతాం, ఏ వెర్షనో చూస్తాం. ఆ చాదస్తం కొంచెం ఇటు కూడా చూపించండి. వచ్చేసారి ఊరెళ్ళినప్పుడు ఓ పది సీసాల లేబుళ్ళు ఫోటో తీసి, మీద ఏముందో ఏం లేదో ఒక పట్టిక రాయండి. తాగక్కర్లేదు, చదివితే చాలు. పట్టిక పెద్దదైతే ఆహార భద్రతా సంస్థకి అర్జీ నేనే రాస్తా.