గురజాడ పేరున్న శాలువా ఎవరి భుజాన?

మన తెలుగువాళ్ళకి హాస్యం అంటే ఇష్టం. వ్యంగ్యం రాసినవాళ్ళంటే ఇంకా ఇష్టం... కాకపోతే వాళ్ళు పోయాక! బతికున్నప్పుడు వాళ్ళ మాట మనకే తగిలి మండుతుంది. పోయాక విగ్రహం నిలబెడతాం, పేరు మీద అవార్డు పెడతాం, ఏటా ఒకరిని పిలిచి శాలువా కప్పుతాం. అందులో తప్పేమీ లేదు. మేము అడిగేది ఒక్కటే. ఆ పేరుకీ, ఆ శాలువాకీ పొంతన కుదురుతోందా?

2022 నవంబరులో విజయనగరంలో ఈ ప్రశ్నే వీధికెక్కింది. గురజాడ సాంస్కృతిక సమాఖ్య తన పురస్కారాన్ని ఆ ఏడాది ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావు గారికి ప్రకటించింది. కవులు, రచయితలు కొందరు ఇదేమిటని నిరసన తెలిపారు. అంత పెద్ద వక్తకి ఇస్తే తప్పేంటని ఇంకొందరు అన్నారు. చాగంటి వారి ప్రవచనాలు ఇక్కడ మా రూముల్లో కూడా ఫోన్లలో మోగుతుంటాయి. ఆయన మీద మాకు గౌరవమే. ఆయన గొప్పతనం గురించి ఇక్కడ పేచీ లేదు. గురజాడ చేసిన పనిని ఈ రోజుల్లో ఎవరు చేస్తున్నారో వెతికి ఇచ్చారా లేదా అన్నదే పేచీ. అది అందుకున్నవారిని అడగాల్సింది కాదు, ఇచ్చేవాళ్ళని అడగాల్సింది.

అసలు గురజాడ చేసిన పనేంటి? కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా మార్చి మళ్ళీ వేశారు. మొదటి కూర్పు ముందుమాటలో ఆయన కొన్ని లెక్కలు ఇచ్చారు. విజయనగరం మహారాజా ఆడపిల్లల అమ్మకాల వివరాలు సేకరింపజేస్తే, మూడేళ్ళలో అలాంటి పెళ్ళిళ్ళు 1,034 తేలాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది నిండిన పిల్లలు ముగ్గురు! చదివితే కడుపు తరుక్కుపోయే ఆ లెక్కల్లోంచి ఆయన జనం కడుపుబ్బ నవ్వే నాటకం తీశారు. అదీ ఆయన గట్టితనం.

ఆ నాటకంలో మనం ఎవర్ని చూసి నవ్వుతాం? కూతుర్ని అమ్ముకునే అగ్నిహోత్రావధాన్లని, కాటికి కాళ్ళు చాపుకుని పిల్లని కొనుక్కునే లుబ్ధావధాన్లని, నాలుగు ఇంగ్లీషు ముక్కలతో లోకాన్ని బురిడీ కొట్టించే గిరీశాన్ని. అమ్ముడుపోబోయే సుబ్బిని చూసి నవ్వం. పసితనంలోనే విధవ అయిన బుచ్చమ్మని చూసి నవ్వం. లోకం చులకనగా చూసే మధురవాణి దగ్గర పెద్దమనుషులకంటే ఎక్కువ తెలివి, ఎక్కువ దయ కనిపిస్తాయి. దెబ్బ ఎవరికి తగలాలో ఆయనకి తెలుసు.

ఇప్పుడు మన వేదికల మీది కామెడీ చూడండి. లావుగా ఉన్నవాడు, నల్లగా ఉన్నవాడు, నత్తివాడు, ఆడవేషం కట్టినవాడు... నవ్వంతా వీళ్ళ నెత్తినే. ఇక్కడ గల్ఫ్‌లో ఒక పండుగ కార్యక్రమంలో మేము చూసిన స్కిట్‌లో లేబర్ క్యాంపు కుర్రాడికి ఇంగ్లీషు రాదు, అదే మొత్తం జోకు. ముందు వరుసలో సూట్లు వేసుకున్నవాళ్ళు పగలబడి నవ్వారు. బస్సెక్కి వచ్చి వెనక నిలబడ్డ క్యాంపు కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ స్కిట్‌కే షీల్డు ఇచ్చారు. వేదిక మీద బ్యానర్‌లో గురజాడ బొమ్మ కూడా ఉంది. గిరీశాన్ని వదిలేసి సుబ్బిని ఆటపట్టించినట్టు అనిపించింది మాకు.

మనకి మాత్రం కన్యాశుల్కం లేదా? వీసా శుల్కం ఉంది కదా! రిజిస్టర్ అయిన ఏజెంటు మనదేశపు రూల్ ప్రకారం పుచ్చుకోవాల్సింది 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఇక్కడికొచ్చిన అన్నదమ్ముల్ని ఎంత ఇచ్చావని అడిగి చూడండి. ‘ఫ్రీ వీసా’ అని పేరు, దానికి లక్షల్లో రేటు! ఇంతకంటే పెద్ద జోకు గురజాడ కూడా రాయలేడేమో. పొలం తాకట్టు పెట్టించే దళారి, చెప్పిన జీతం ఒకటీ ఎయిర్‌పోర్టు దాటాక చేతిలో పెట్టే కాగితం ఇంకొకటీ... ఒక్కొక్కడూ ఒక్కో గిరీశం. వీళ్ళ మీద నాటకం రాసినవాడికి ఎన్ని షీల్డులు ఇచ్చాం?

బయటి దేశాల్లోనూ ఈ తంటా ఉంది. అమెరికాలో 1998 నుంచి మార్క్ ట్వైన్ పేరుతో హాస్య బహుమతి ఇస్తున్నారు. బెల్జియం రాజు లియోపోల్డ్ కాంగోలో చేయించిన ఘోరాల మీద 1905లో వ్యంగ్యపు పుస్తకం రాసిన మనిషి ట్వైన్. ఆయన పేరుకి తగ్గట్టే మొదటి బహుమతి నల్లవాళ్ళ బతుకుని నిర్మొహమాటంగా చెప్పిన రిచర్డ్ ప్రయర్‌కి వెళ్ళింది. 2009లో బిల్ కాస్బీకి ఇచ్చి, 2018లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇంగ్లండులో ఉడ్‌హౌస్ పేరుతో హాస్య నవలకి బహుమతి ఉంది. 2018లో న్యాయనిర్ణేతలు వచ్చిన పుస్తకాలన్నీ చదివి, ఏదీ మమ్మల్ని పగలబడి నవ్వించలేదని ఆ ఏడాది ఎవరికీ ఇవ్వలేదు. ఆ ధైర్యం చూడండి! మన దగ్గర హాలు బుక్ అయ్యాక, ఫ్లెక్సీ కట్టాక, ‘ఈసారి ఎవరూ లేరు’ అనగలిగే కమిటీ ఉందా?

‘పొద్దంతా ఎండలో చాకిరీ చేసి వచ్చినవాడికి కాస్త నవ్వు చాలదా, అందులో కూడా నీతులేనా’ అని అడిగేవాళ్ళున్నారు. నిజమే, నవ్వు మాకూ కావాలి. అమాయకుణ్ణి చూసి నవ్వకూడదని కూడా మేము అనం. మొక్కపాటి వారి బారిస్టర్ పార్వతీశం మొగల్తూరు నుంచి ఇంగ్లండు పోతూ అడుగడుగునా అభాసుపాలవుతాడు. అయినా ఆ కథ చెప్పేది పార్వతీశమే కాబట్టి అతనితో కలిసి నవ్వుతాం. మన సైట్లలో టీ టైములో హెల్పర్ కుర్రాడు ఇంజనీరు నడక దించుతాడు, మాలాంటి సూపర్‌వైజర్ల అరుపులూ దించుతాడు. అదీ మంచి హాస్యమే, మాకూ కాస్త తగులుతుంది. ఉట్టి కాలక్షేపం కామెడీకి బహుమతి ఇవ్వాలంటే నిక్షేపంగా ఇవ్వండి. ‘ఉత్తమ కామెడీ’ అని రాసివ్వండి. గురజాడ పేరు మాత్రం దాని మీద అచ్చు వెయ్యకండి.

సిమెంటు బస్తా మీద కంపెనీ పేరు చూసి కాంక్రీటు గట్టిదని ఎవరూ సంతకం పెట్టరు. క్యూబులు పోసి, 7 రోజులకీ 28 రోజులకీ మిషన్‌లో నొక్కి చూస్తారు. అవార్డుకీ అలాంటి పరీక్ష ఒకటి ఉండాలి. ఈ నవ్వు ఎవరి మీద? దీనివల్ల గట్టివాడు ఎవడైనా కుర్చీలో ఇబ్బందిగా కదిలాడా? లేక నోరులేనివాడు తల దించుకున్నాడా? రెండోదే అయితే ఆ క్యూబు ఫెయిల్. ఆ ఏడాది శాలువా మడిచి బీరువాలో పెట్టాలి.

గల్ఫ్‌లోని మన తెలుగు సంఘాల పెద్దలకి ఒక మనవి. నవంబరు 30 గురజాడ వర్ధంతి. ఆ రోజుకి వీసా ఏజెంటు మీద ఒక చిన్న నాటకం పోటీ పెట్టండి. క్యాంపు కుర్రాళ్ళనే రాయనివ్వండి, వాళ్ళనే ఆడనివ్వండి, బహుమతి వాళ్ళకే ఇవ్వండి. ఆ ఏజెంటు కూడా వచ్చి ముందు వరుసలో కూర్చుంటే ఇంకా మంచిది.

— ఒక సైట్ సూపర్‌వైజర్, అవాలి, బహ్రెయిన్